ఆకుపచ్చ కట్లు

లేకపోతే దారానిదే తప్పేమో. ఒకప్పటి దారం కర్రను అంటిపెట్టుకుని ఉండేది. ఇప్పుడొచ్చే నైలాను దారం చుట్టు పక్కన చుట్టుగా నిలవదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంది. కానీ తను వాడేదీ తమ్ముడు రత్తయ్య వాడేదీ ఒకే దారం. మరి రత్తయ్య కర్రలే ఎందుకు వెనక్కి వస్తున్నాయి? జగ్గయ్యపేటలో తన ఇంటి వసారాలో కూర్చుని, తమ్ముడు చేసిన గాలపు కర్ర మీది ఆకుపచ్చ కట్టును బ్లేడుతో విప్పుతూ బాలస్వామి అక్కడే ఆగిపోయాడు.

ఈ పని ఇద్దరికీ తండ్రి శాంతయ్య నేర్పాడు. వెదురును సెగన కాచి వంపు తీయాలి. పొడవునా ఇత్తడి రింగులు పెట్టి, ఒక్కో రింగునూ దారంతో చుట్టి, పైన లక్క పూయాలి. చుట్టు వదులైతే చేప గుంజినప్పుడు రింగు ఊడుతుంది. చేపతోపాటు కర్ర చేసినవాడి పేరూ పోతుంది. ఎవరి పని ఏదో తెలియటానికి ఆయన పెద్దవాడికి ఎర్ర దారం, చిన్నవాడికి ఆకుపచ్చ దారం ఇచ్చాడు. చివరి రోజుల్లో శాంతయ్య చేతులు వణికేవి. ఆయన ఒప్పుకోలేదు. మంచి దారం రావటంలేదు అనేవాడు.

ఆయన పోయాక, దారం చుట్టే చట్రం ఎవరిదన్న దాని మీద అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. రత్తయ్య నందిగామ వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. అయినా ఇద్దరి కర్రలూ అమ్మేది జగ్గయ్యపేటలో వీరరాఘవయ్య కొట్టే. రత్తయ్యవి బస్సు మీద వచ్చేవి.

రెండేళ్ల కిందట ముక్త్యాల దగ్గర కృష్ణలో పెద్ద చేప పడి, ఒక ఆకుపచ్చ కట్టు ఊడింది. ఆ మాట వినగానే బాలస్వామికి తండ్రి చేతులు గుర్తొచ్చాయి. తమ్ముడికీ అదే వచ్చిందని తేల్చుకున్నాడు. అప్పటినుంచి బస్సు మీది కర్రల మోపును కొట్టుకు చేరకముందే తనే దింపుకుంటున్నాడు. ప్రతి కట్టూ విప్పి, అదే ఆకుపచ్చ దారంతో మళ్లీ చుట్టి, మర్నాడు కండక్టరు ఇచ్చినట్టుగా కొట్టులో అప్పజెబుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసిన ప్రేమ కాదనుకున్నాడు.

తన ఎర్ర కట్లు మాత్రం ఒక్కటీ వెనక్కి రాలేదు. వాటిని వీరరాఘవయ్య కొట్టు ముందు పెట్టేవాడు కాదు. లక్క బాగా ఆరాలని లోపలి గదిలో పెడుతున్నానన్నాడు. పనికి విలువ తెలిసిన మనిషి అనుకున్నాడు బాలస్వామి. తక్కినవాళ్ల గురించి అలా అనుకోవటానికి లేదు. టీకొట్టు బుల్లిబాబు అందరికీ నిండుగా పోసి తనకు మాత్రం సగం గ్లాసే ఇస్తాడు. అడిగితే పంచదార రేటు పెరిగిందంటాడు. చర్చిలో పాస్టరుగారు నయం. బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె అందరి చేతికీ ఇస్తారు, బాలస్వామికి స్వయంగా నోటికి అందిస్తారు. పెద్దరికానికి మర్యాద.

పందొమ్మిది వందల ఎనభై రెండు వేసవిలో మూడు ఆకుపచ్చ కర్రలు వరసగా వెనక్కి వచ్చాయి. ఇంకొక్కటి వస్తే రత్తయ్య సరుకు తీసుకోనని వీరరాఘవయ్య కచ్చితంగా చెప్పాడు.

"వాడికి వేరే పని చేతకాదండి," అన్నాడు బాలస్వామి.

"అందుకే ఇన్నాళ్లు ఊరుకున్నా. మీ వాడి కట్లు మొదట్లో ఇలా ఉండేవి కావు. ఏమైందో నాకూ అర్థం కావటంలా."

తను విప్పి కట్టినా ఆగలేదంటే తమ్ముడి చేతులు మరీ పాడై ఉండాలి. ఈ ఆలోచనలో ఎక్కడో ఒక ముక్క సరిగా అతకలేదు. బాలస్వామి దాన్ని పట్టుకోబోయి వదిలేశాడు. నందిగామ వెళ్లి వాడిని వెదురు పని వరకే చూసుకోమనాలి, చుట్టే పని తను చేసి పెడతాడు, అంతే. మర్నాడు పొద్దున భార్య సౌభాగ్యమ్మ చొక్కా గుండీలు పెట్టింది. ఈమధ్య రోజూ తనే పెడుతోంది. ఈ వయసులో ముద్దేమిటని అతను నవ్వుకున్నాడు.

నందిగామలో రత్తయ్య అరుగు మీద వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఒళ్లో గాలపు కర్ర ఉంది. పక్కన కోసేసిన దారం కుప్పగా పడి ఉంది. దారం ఎర్రది.

"నా కట్లు విప్పుతున్నావేంట్రా?"

రత్తయ్య తిరిగి చూశాడు. "రా అన్నా, కూర్చో."

"నీ దగ్గరికి ఎలా వచ్చాయివి?"

"వీరరాఘవయ్యగారు మనిషిచేత పంపుతారు, మళ్లీ మనిషిచేతే తెప్పించుకుంటారు."

లోపలి గదిలో ఆరుతున్నాయనుకున్న కర్రలు. బాలస్వామి నిలబడే ఉన్నాడు. "తొమ్మిదేళ్ల కోపం ఇలా తీర్చుకుంటున్నావా? అక్కడ నీ పేరు నిలబెట్టటానికి నేను చస్తుంటే?"

"నా పేరా?"

"నీ కట్లు నిలవట్లా. బస్సు దిగంగానే నేనే పట్టుకెళ్లి, విప్పి, మళ్లీ చుట్టి కొట్లో ఇస్తున్నా. రెండేళ్లయింది."

రత్తయ్య చేతులు ఆగాయి. "అన్నీనా?"

"ఒక్కటి వదల్లా."

రత్తయ్య అన్న ముఖం వంక చూశాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది దొరికినా సంతోషం లేని మనిషి చూపు అది.

"మంచి పని చేశావన్నా," అన్నాడు.

ఆ తర్వాత కొత్త ఎర్ర దారం తీసి రింగు మీద చుట్టటం మొదలుపెట్టాడు. చుట్టు పక్కన చుట్టు, మధ్య వెంట్రుక పట్టే సందు లేదు. వేళ్లు వణకటంలేదు. బాలస్వామి ఆ వేళ్ల వంకే చూస్తూ మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

రత్తయ్య భార్య లూర్దమ్మ గడప దాటి వచ్చి, "మంచినీళ్లు బావగారూ," అంది.

బాలస్వామి ఆ సగం గ్లాసును రెండు చేతులతో అందుకున్నాడు.