నాడాపట్టీ

"ఆ కొత్త లంగా ఇట్లియ్యి పాపా. నాడాపట్టీకి ఇంగో కుట్టు ఏసిస్తా."

"నా లంగాతో నీకేం పని? బాగానే ఉండాది," అంది రేణుక.

హనుమక్క సూదిని రవికెకు గుచ్చుకుని, సంగటి కెలకడానికి పొయ్యి దగ్గరికి పోయింది.

కాడుగోడి స్టేషను వెనక రెండు గదుల ఇల్లు అది. కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళను, విమానం ఎక్కేదాకా ఏజెంటు నాగేంద్ర అక్కడే ఉంచేవాడు. వాళ్ళకు వండిపెట్టే ముసలామె హనుమక్క.

రేణుకది కదిరి పక్క పల్లె. మొగుడూ పెళ్ళాలిద్దరూ వైట్‌ఫీల్డులో ఇటుకలు మోశారు. మొగుడు ఆరో అంతస్తు సారువ కర్రల మీది నుంచి పడి చచ్చిపోయాడు. ఇద్దరాడపిల్లల్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. ఇక ఆ నీలం అట్ట పాస్‌పోర్టే ఆమెకు దిక్కు. అదీ నాగేంద్ర బ్యాగులో ఉంది.

రెండు రోజుల కింద సంధ్య అనే పిల్ల కువైట్‌కు బయల్దేరినప్పుడు, హనుమక్క గేటు దాకా పోయి చెవిలో ఏదో చెప్పింది.

"ఏం చెప్పినావు ఆ పిల్లకు?" అనడిగింది రేణుక.

"నువ్వు పొయ్యే పొద్దు నీకూ చెప్తాలే."

ఆ మాటే రేణుకకు నచ్చలేదు.

ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం. నాగేంద్ర వసారాలో గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. బట్టలారేస్తున్న రేణుకకు కిటికీలోంచి హనుమక్క కనిపించింది. బ్యాగులో చెయ్యి పెట్టి, పాస్‌పోర్టులు ఒక్కొక్కటే తెరిచి చూసి, ఒకటి తీసి నడుములో దోపుకుంది. కూరల సంచీ పట్టుకుని వీధిలోకి నడిచింది.

ఆ తెరిచిన పేజీలో ఉన్నది తన ఫోటోనే.

రేణుక పరిగెత్తి ఆమె జుట్టు పట్టుకుంది.

"దొంగముండా! నా పాస్‌పోర్టు!"

నాగేంద్ర లేచొచ్చాడు. వీధి వీధంతా గుమిగూడింది.

"దేనికి తీసినావే?" అని గద్దించాడు.

హనుమక్క ఒకసారి రేణుక వైపు చూసింది. తర్వాత తల వంచుకుంది.

"అమ్ముకుందామని తీసినానప్పా."

నాగేంద్ర పాస్‌పోర్టు లాక్కుని ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె బట్టల మూట తెచ్చి రోడ్డు మీదికి విసిరాడు.

"ఇద్దరు బిడ్డల తల్లిని. నా నోటికాడి కూడు తీసేకి నీకు మనసెట్లొచ్చింది?" అంది రేణుక.

హనుమక్క ఏదో చెప్పబోతూ ఆమె దగ్గరికి వచ్చింది. నాగేంద్ర అడ్డంగా నిలబడ్డాడు. రేణుక ఉమ్మేసింది.

"జాగ్రత్తగా పో పాపా," అంది హనుమక్క. మూట ఎత్తుకుని పట్టాల వెంబడి పోయింది.

కువైట్‌లో మూడంతస్తుల ఇల్లు. పదకొండు మంది మనుషులు. గుమ్మంలోనే పాస్‌పోర్టు తీసుకున్నారు.

వంటింటి వెనక, బట్టలుతికే మిషను పక్కన చాపెడు జాగా. అదే ఆమె ఇల్లు. మొదటి నెలంతా ఏడ్చింది. రెండో నెల ఒక మేకు దొరికితే పిల్లల ఫోటో తగిలించుకుంది. ఆ తర్వాత అక్కడా నిద్ర పట్టింది.

తొమ్మిదో నెలలో, చిన్నదానికి జబ్బు చేసిందని అత్త ఫోను చేయించింది.

"ఒక్క నెల పంపండమ్మా, మళ్ళీ వస్తా," అని రేణుక ఇంటామె కాళ్ళు పట్టుకుంది.

ఇంటామె కాలు విదిలించింది. గోడ మీది ఫోటో పీకి చెత్తబుట్టలో పడేసింది.

మర్నాడు ఆ చెత్త పారబోయడానికి వెళ్ళిన రేణుక, ఫోటో ఏరుకుని అట్లే నడిచింది. దారినపోయే మనవాళ్ళను అడుగుతూ అడుగుతూ రాయబార కార్యాలయం చేరింది. పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు అక్కడ ముప్పై మంది దాకా ఉన్నారు.

"పాస్‌పోర్టు?" అన్నాడు తెలుగు గుమాస్తా.

"ఇంటోళ్ళ దగ్గర ఉండాది సార్."

"పోనీ, నంబరు?"

"నాకు సదువు రాదు సార్."

"నకలు కాగితమైనా ఉంటే తొందరగా పంపొచ్చు. ఏమీ లేకపోతే మీ ఊరి నుంచి రుజువులు రావాలి. నెలలు పడుతుంది తల్లీ."

"నా బిడ్డకు బాగలేదు సార్..."

వెనక వరసలో ఉన్న రూతు అనే కోలారు మనిషి ఆమె భుజం తట్టింది.

"యాడనుంచి వచ్చినావక్కా?"

"కాడుగోడి."

"నాగేంద్ర ఇల్లా?" రూతు ముఖం విప్పారింది. "అట్లయితే ఏడుపెందుకు? నాడాపట్టీ విప్పు."

రేణుకకు అర్థం కాలేదు.

రూతు ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం ఒకటి చూపించింది. పాస్‌పోర్టు జెరాక్సు.

"హనుమక్క ఆ నాగేంద్రకు తెలీకుండా తీయించి అందరికీ లంగాలో కుట్టిస్తాది కదా. ఆయమ్మా ఇట్లే పారిపోయొచ్చి, కాగితం లేక మూడేండ్లు ఈడనే ఉండిపోయిందంట. సంధ్య అని ఒగ పిల్ల పోయిన నెల వచ్చింది. కాగితం చూపించి వారంలో ఇల్లు చేరింది. రేపు నేనూ పోతాండా... నీకు చెవిలో చెప్పలేదా?"

రేణుక చెయ్యి నడుము మీదే ఆగిపోయింది.

మర్నాడు రూతు వెళ్ళిపోయింది. రేణుక ఉండిపోయింది.

ఆ తర్వాత కాడుగోడి నుంచి వచ్చానని చెప్పిన ప్రతి ఆడమనిషి నాడాపట్టీనీ రేణుక తన చేత్తోనే తడిమి చూసింది. ఒక్కదాంట్లోనూ కాగితం తగల్లేదు.