ఎవరికైనా తట్టేదే

డైరెక్టర్ విచారణ గదిలోకి రాగానే ఇంజినీరు నమస్కారం పెట్టింది. ఆయన ఆమెను చూడనట్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మా ల్యాబులో గాజు పలకలు తుడిచిన పిల్ల,” అన్నాడు పక్కనున్న తన లాయరమ్మతో, అవతలి బల్లకు వినపడేంత గొంతుతో. “ఇవాళ నా మీదే సాక్ష్యం!”

గొడవ ఆయన పేటెంటు గురించి. తెర మీద కనిపించే ప్రతి చుక్క వెనకా ఒక బుల్లి స్విచ్చి ఉంటుంది. దాన్ని పలచటి ఆక్సైడ్ పొరతో చేస్తారు. ఒక్క పొరే వేస్తే వెలుతురు తగిలి తగిలి కొన్నాళ్లకు మొరాయిస్తుంది. దాని మీద ఆక్సిజన్ ఎక్కువున్న రెండో పొర వేస్తే బుద్ధిగా పనిచేస్తుంది. ఆ రెండో పొర డైరెక్టర్ పేరు మీద ఉంది. దాన్ని కనిపెట్టిన వైనం ఆయన సన్మాన సభల్లో చెప్పాడు, వియ్యంకుడికి చెప్పాడు, ఆఖరికి మనవరాలికి అన్నం తినిపిస్తూ కూడా చెప్పాడు. కంపెనీలో చాటుగా ఆయన్ని ‘పొరల దొర’ అనేవాళ్లు. అది ఆయన చెవిన పడింది. వెక్కిరింతని తెలియక మురిసిపోయాడు కూడా.

ఇంజినీరు ఆయన దగ్గర మానేసి ఇప్పుడొక చిన్న ఫ్యాక్టరీలో చేస్తోంది. రెండు వందల మంది ఉంటారు. ఆసుపత్రి యంత్రాలకు తెరలు చేస్తారు, రెండు పొరలతోనే. పేటెంటు నిలిస్తే ఆ ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. రెండో పొర వేయడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టే మామూలు సంగతని రుజువైతే పేటెంటు చెల్లదు. అంతే తగువు.

“రెండో పొర వేయడం అంత గొప్ప సంగతా అమ్మా?” అని అడిగాడు ఫ్యాక్టరీ తరఫు లాయరు. ముసలాయన, మాట మెత్తన.

ఇంజినీరు నీళ్ల గ్లాసు అందుకుంది. తాగకుండానే కింద పెట్టేసింది.

“కాదండీ,” అంది చివరికి. “మామూలు సంగతే. ఎవరికైనా తట్టేదే.”

“చూశారా, అబద్ధం చెప్పడానికి నోరెలా పెగలట్లేదో!” అని డైరెక్టర్ అరిచాడు.

విచారణాధికారి కళ్లద్దాల మీదుగా ఆయన్ని చూసింది. “మీ వంతు వస్తుంది. అప్పటిదాకా ఓపిక పట్టండి.”

ఆయనకు పుట్టుకతోనే లేనిది అదొక్కటే.

వంతు వచ్చింది. ముసలి లాయరు ఒక కాగితం తీశాడు. “ఇది మీరు పేటెంటుకు దరఖాస్తు పెట్టడానికి సరిగ్గా వారం ముందు రాసింది. రాసింది ఈ పనిలో తలపండినవారు. పేరు తర్వాత చెప్తాను. ముందు మాట వినండి.”

అడుగుభాగం మీద అరచెయ్యి ఆనించి చదివాడు.

“‘ఆక్సైడ్ పొర మీద ఆక్సిజన్ ఎక్కువున్న ఇంకో పొర వేయడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు. పొరలు వేసే ఛాంబర్ దగ్గర ఆరు నెలలు నిలబడ్డ ఎవరికైనా తట్టేదే. దీనికీ పేరు పెట్టుకుని ఊరేగాలంటే ల్యాబులో ప్రతివాళ్లకూ ఒక పల్లకీ కావాలి.’”

డైరెక్టర్ ఒంటికాలి మీద లేచాడు. “ఎవడు వాడు? జన్మలో ఒక్కసారైనా ఛాంబర్ మూత తీసి చూశాడా? ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని మూడు ముక్కల్లో తీసిపారేస్తాడా?”

గుమస్తా ఆ కాగితం నకలు తెచ్చి ఆయన లాయరమ్మ ముందు పెట్టాడు. అవతలి పక్షం కాగితాల కట్ట రెండు వారాల కిందటే వచ్చింది గానీ, “పొరల గురించి నాకు చెప్పేవాళ్లెవరు? నువ్వు చట్టం చూసుకో చాలు,” అని ఆయన దాన్ని కారు డిక్కీలోనే ఉంచేశాడు. ఆమె ఇప్పుడే మొదటిసారి చదువుతోంది. చదివి, ఆయన కోటు అంచు పట్టుకుని లాగింది.

“సార్, కూర్చోండి. ఒక్క నిమిషం.”

“నన్ను మాట్లాడనీ అమ్మా!”

“అయితే ఆ రాసినవారి మాటకు విలువ ఇవ్వొద్దంటారు,” అంది విచారణాధికారి.

“వాడి మాటకు విలువేంటండీ!”

“పోనీ, తెలియక రాశారంటారా, తెలిసే రాశారంటారా?” అని ముసలి లాయరు మెత్తగా అడిగాడు.

“తెలిసే రాశాడు! అక్షరం అక్షరంలో కుళ్లు కనపడట్లేదూ? ఇంకొకరి బుర్రలో పుట్టినదాన్ని మింగేద్దామనుకున్నవాడు తప్ప ఇలా ఎవడూ రాయడు. రాసుకోండి, ఇదే నా సాక్ష్యం!”

టైపిస్టు పొల్లు పోకుండా రాసుకుంది. లాయరమ్మ కోటు వదిలేసి తల పట్టుకుంది.

ఇంజినీరు కళ్లలో నీళ్లు తిరిగాయి. బెదిరిపోయిందనుకుని డైరెక్టర్ ఇంకా రెచ్చిపోయాడు. బల్ల మీదికి వంగి వేలు చూపించాడు.

“ఏమ్మా, నీ చేతే రాయించారా దీన్ని?”

“కాదు సార్,” అంది ఆమె. “నాకు రాశారు.”

ముసలి లాయరు కాగితం అడుగున ఆనించిన చెయ్యి తీశాడు: రెండో పొర ఆలోచన తనదనీ, పేటెంటులో తన పేరు కూడా చేర్చమనీ ఏడేళ్ల కిందట ఇంజినీరు పెట్టుకున్న అర్జీకి రెండు నిమిషాల్లో రాసి పడేసిన జవాబు అది, కింద ఉన్న సంతకం డైరెక్టర్‌ది.