పెరట్లో ఫౌంటెన్

"స్వీటీ, లే! నల్లా వచ్చింది!"

రూమ్మేట్‌ని కుదిపి లేపి, చరిత బకెట్ అందుకుని బేస్‌మెంట్ మెట్లెక్కి పెరట్లోకి పరుగెత్తింది.

అక్కడ బంతిమొక్కల మధ్య కొత్త ఫౌంటెన్ గలగలలాడుతోంది. పక్కనే ఇంటి ఓనర్ శేషగిరి మురిసిపోతూ నిలబడ్డాడు.

"మీ ఆంటీకి పుట్టినరోజు సర్‌ప్రైజ్," అంటూనే బకెట్ చూసి పగలబడి నవ్వాడు. "కెనడా వచ్చి ఎన్నాళ్లయిందమ్మా?"

"మొన్ననే దిగినం అంకుల్. సోమవారం నుంచి కాలేజీ." వచ్చీ రాగానే పరువు పోయిందని చరిత తల దించుకుంది.

"ఇక్కడ నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. రెండు నెలల్లో ఆ అలవాటు పోతుందిలే."

అంతలో వంటింటి తలుపు భళ్లున తెరుచుకుంది. ఇరవై ఏళ్లుగా కెనడాలో, ఈ మార్కమ్‌లోనే ఉంటున్న మీనాక్షి ఆంటీ నిద్రమొహంతో, రెండు చేతుల్లో రెండు గిన్నెలతో పరుగెత్తుకొచ్చింది.

"కుళాయి వచ్చేసిందా?"

చరిత తన బకెట్ పక్కకి జరిపింది. "ముందు మీరు పట్టుకోండి ఆంటీ."