మళ్లీ మొదటి నుంచీ

"మళ్లీ తెగిపోయిందమ్మా," అన్నాడు నగరేశ్వరరావు, పాత కంప్యూటరుకి వైరుతో కలిపిన ల్యాప్‌టాప్ తెర తనవైపు తిప్పుకుంటూ.

గుమ్మంలో కూర్చున్న అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె సాలూరు నుంచి బస్సెక్కి రావడం ఇది నాలుగో రోజు.

"నిన్నా ఇదే సెప్పినావు బాబూ. ఏటి దానికి రోగం?"

"పాత పద్ధతి. గుప్పెడు అక్షరాలు పంపి 'అందిందా' అని అడుగుతుంది. అందిందంటేనే ఇంకో గుప్పెడు. మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచీ. తర్వాత తెగినచోటు నుంచే అందుకునే పద్ధతులొచ్చాయి. ఈ పెట్టెకి అవి తెలీవు."

"నా కేసూ అలాగే ఉన్నాది. వాయిదాకెల్లినప్పుడల్లా మొదట్నుంచి సెప్పాల." నవ్వబోయింది గానీ ఓపిక లేకపోయింది.

ముప్పై ఏళ్ల కిందట ఘాట్‌లో బోల్తాపడ్డ లారీలో ఆమె మొగుడు గంగులు క్లీనరు. వాడు మా మనిషే కాదు పొమ్మంది కంపెనీ. ఆ రోజు బండెక్కినవాళ్ల జాబితా దొరికితే కేసు నిలబడుతుందని వకీలు చెప్పాడు. సాలూరు ఆఫీసు కాగితాలు చెదలు తినేశాయి. మిగిలింది విజయనగరం హెడ్డాఫీసు పాత సామాన్లలో దొరికిన ఈ తెరపోయిన కంప్యూటరొక్కటే. అప్పట్లో రోజూ సాయంత్రం ఫోను లైను మీద దానికి జాబితా పంపింది, సాలూరులో ఆపరేటరుగా ఉన్న నగరేశ్వరరావే.

"అప్పటి లైనూ ఇంతేనా బాబూ?"

"అంతకన్నా కనాకష్టం. పది నిమిషాలు నిలిస్తే గొప్ప. ఆలోపు జాబితా చేరకపోతే మేనేజరు తిట్లు. ఎలాగోలా పంపేసేవాణ్ణి."

"ఆయన పేరు ఆకర్నుంటాది. ఆల బండే అన్నిటికన్నా ఎనక బయలెల్లినాది. నీకు గేపకమున్నాదా?"

"ఉంది. నా చేత్తోనే కొట్టాను."

"రేపే వాయిదా. అది రాకపోతే నాను సచ్చినట్టే బాబూ."

"కూర్చో. మళ్లీ పెడతాను."

అసిరమ్మ ద్వారబంధానికి జారగిలబడి కళ్లు మూసుకుంది. ఆమె నమ్మకాన్ని చూడలేక నగరేశ్వరరావు తలొంచుకుని ఏదో మీట నొక్కాడు.

ఆ జాబితా ఫైలు మొదటిరోజే వచ్చేసింది, లైను తెగకముందే చేరాలని ఆనాడు తను కోసేసిన చివరి పేర్లు లేకుండా.