తొర్రలోని ఇల్లాలు

నార్కొండం అగ్నిపర్వత దీవి చుట్టూ ఓడ నెమ్మదిగా తిరుగుతోంది. పక్షుల మాటల్ని తెలుగులో వినిపించే చెవిపూసలు ఇప్పుడు అందరికీ ఉన్నాయి. ఒడ్డున చెట్టు తొర్రలో ఆడ హార్న్‌బిల్ గుడ్లు పొదుగుతోంది. తొర్రకు మట్టి మెత్తుకుని చిన్న సందు మాత్రం వదిలింది. మగది అందులోంచి పండు అందిస్తూ ఒకటే మాట అడుగుతోంది.

"తిన్నావా?"

"ఇంతేనా!" అని ప్రయాణికులు ఉసూరుమన్నారు.

తవిటినాయుడు మాత్రం గబగబా కిందికి దిగాడు. సముద్రం పడదన్నా వినకుండా తీసుకొచ్చాడని అతని భార్య హైమ పొద్దుటినుంచి గది తలుపేసుకుని కూర్చుంది. పెరుగన్నం గిన్నెతో తలుపు తట్టాడు.

"ఏటే, తిన్నావా?"

"ఆ పిట్ట అడిగితేగాని నీకు గుర్తు రానేదేటి?"

హైమ కూడా చెవిపూస తియ్యలేదన్నమాట.

తలుపు బెత్తెడే తెరుచుకుంది. సందులోంచి చెయ్యి మాత్రం బయటికి వచ్చింది.