ఎర్ర జట్టు, నీలం జట్టు

బుడంకాయ ఈతకొలను గోడను తాకగానే కోచ్ స్టాప్‌వాచ్ నొక్కింది. అంకె చూసింది. గుండెల్లో రాయి పడింది.

"ఎంతొచ్చింది టీచర్?" నీళ్ళలోంచి తల పైకెత్తి అడిగింది బుడంకాయ. కోచ్ దగ్గర ఈత నేర్చుకునే పిల్లలందరిలోకీ పొట్టిది, అందరికన్నా వాగుడుకాయ.

"బాగుంది. వెళ్ళి తల తుడుచుకో."

బాగుండటమే వచ్చిన చిక్కు. బుడంకాయది నీలం జట్టు. ఆ పొద్దున నీలం జట్టులో ఈదిన ప్రతి పిల్లా, పరీక్ష మొదలుపెట్టిన నాటికన్నా జోరుగా ఈదింది. ఎర్ర జట్టు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఎర్ర జట్టు పుంజుకోవాలని కోచ్ మొక్కని దేవుడు లేడు. ఎందుకంటే ఎర్ర ప్యాడిల్స్ ఆవిడ భర్త చేసినవి.

ప్యాడిల్స్ అంటే సాధనలో అరచేతులకు కట్టుకునే ప్లాస్టిక్ పలకలు. వాటితో ఈదేటప్పుడు ఎవరైనా జోరుగానే వెళతారు, అందులో గొప్పేముంది? వారాలపాటు వాటితో ఈదించాక, ఊడదీసి, ఉత్త చేతులతో ఈదించి చూడాలి. అది పనిముట్టో ఆటబొమ్మో అప్పుడు తేలుతుంది. ఆయన కొత్త రకం పలక ఒకటి తయారుచేశాడు. ఈతలో సరిసమానమైన పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి అది, ఇంకో జట్టుకి బజారులో దొరికే మామూలుది ఇచ్చారు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఏది ఏదో ఆయనకీ, ఆ పలకని కొనడానికి ముందుకొచ్చిన కంపెనీ మేడమ్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. తీర్పు చెప్పే కోచ్‌కి అసలే తెలియకూడదు.

"మొగుడి సరుక్కి పెళ్ళాం తీర్పా?" అని కంపెనీవాళ్ళు నొసలు చిట్లిస్తే ఆయన పెట్టిన షరతే అది. "మా ఆవిడ నోట అబద్ధం రాదు. అయినా మీ తృప్తి కోసం ఏది ఏదో తనకి చెప్పను" అన్నాడు.

ఆయన చెప్పలేదు. ఈవిడే చూసింది. ఒక ఆదివారం, ఆయన పనిచేసుకునే షెడ్డు కిటికీలోంచి. ఆయన ఎర్ర పలకలు ఒళ్ళో పెట్టుకుని, ఆకురాయితో అంచులు అరగదీస్తూ, పొడి ఊదుతూ, వెలుతురుకి ఎత్తి మురిపెంగా చూసుకుంటున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఇక వేరే చెప్పేదేముంది? ఎందుకు తొంగిచూశానురా భగవంతుడా అని ఆ రోజునుంచీ ఆవిడకి మనసు మనసులో లేదు.

ఇప్పటికే రెండు కంపెనీలు పొమ్మన్నాయి. "ఇదీ కాకపోతే షెడ్డుకి తాళం వేసేస్తా" అన్నాడాయన ఆ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అరవలేదు, నిట్టూర్చలేదు, మామూలుగా అన్నాడు. ఆవిడని అదే భయపెట్టింది.

ఆవిడ ఆఫీసు గది తలుపు తోసింది. మేడమ్ బల్లకి అటువైపు కూర్చుని ఉంది. ఆయన గోడవారగా, కుర్చీ కొసన.

"అంకెలు తర్వాత పంపుదురుగాని. మీ మాట చాలు నాకు. ఏ రంగు పనిచేసింది?" అంది మేడమ్.

కోచ్ నీళ్ళు నమిలింది. "అంటే... పిల్లలు కదండీ. ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉండరు..."

"తేడా ఏమీ లేదంటారా?"

"లేదని కాదు. ఉంది."

"నా మొహం చూడకు" అన్నాడాయన నెమ్మదిగా. "ఉన్నదున్నట్టు చెప్పేయ్."

ఆవిడ చూడనే చూసింది. రెండు రోజుల గడ్డం. ఒళ్ళో ఒకదాన్నొకటి నలుపుకుంటున్న చేతులు. వేళ్ళనిండా ప్లాస్టిక్ గీసుకున్న గాట్లు. నీలం అంటే ఈ మనిషి ఏమైపోతాడు? ఇన్నేళ్ళలో ఏ పిల్లకీ, ఏ తల్లికీ అర సెకను కూడా అబద్ధం చెప్పి ఎరగదు ఆవిడ. కానీ ఆ చేతుల్ని చూస్తూ ఆ మాట ఎలా అనడం? పనిచేయని పలకలు కట్టుకున్నంత మాత్రాన ఎవరూ మునిగిపోరులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

"ఎర్రవి" అంది.

"కచ్చితంగానా?"

"కచ్చితంగా. ఎర్ర జట్టు బాగా పుంజుకుంది. నీలంవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు."

మేడమ్ ఒకసారి ఆయనవైపు చూసి, సంచి భుజాన వేసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ కోచ్ చేయి పట్టుకుంది.

"మీ గురించి విన్నది నిజమేనండీ. ఈ మాట చెప్పాలంటే చాలా గుండెధైర్యం ఉండాలి."

దొరికిపోయానా అనుకుంది కోచ్. తలుపు మూసుకునేదాకా ఆగి ఆయనవైపు తిరిగింది.

"ఏంటండీ, మేడమ్ అలా అంటారేంటి?"

ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చేయి వేశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, అయినా నవ్వుతున్నాడు.

"బాధపడకు, నీ తప్పేముంది? బజారు సరుకు అచ్చం నా సరుకులా కనబడాలని ఎర్రవాటిని కూర్చుని అరగదీసింది నేనే" అన్నాడు. "నావి నీలంవి."