తలుపు రాని పికప్పు

లోపలి హ్యాండిల్ ఊడి తమ్ముడి చేతికొచ్చింది. పళ్ళ డాక్టరు పీకిన పన్ను చూపించినట్టు, దాన్ని అద్దంలోంచి బయటివాళ్ళకి చూపించాడు.

"తలుపు రావట్లేదన్నయ్యా!"

బయట ముగ్గురున్నారు. బండికి బేరం కుదిర్చిన అన్న. కొనడానికొచ్చిన కోళ్ళఫారం ఆసామి. తమ్ముడి భార్య.

మామూలు బండి కాదది. ముందు ముగ్గురు పట్టే సీటు, వెనక మంచం వేసుకుని పడుకునేంత తొట్టి, ఏనుగుకి తొడగాల్సిన టైర్లు. బ్రేకు ఇవాళ తొక్కితే రేపు ఆగేది. అన్న వాడి వాడి వదిలేస్తే తమ్ముడికొచ్చింది. అరిగిన బ్రేకులు, బీరువా తగిలి పగిలిన వెనక అద్దం, గొణిగే బేరింగులు, అన్నీ పాతసామాన్ల కొట్టునుంచి తెచ్చి తనే మార్చుకున్నాడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసి ఆ బండే వాళ్ళింట్లో పొయ్యి వెలిగిస్తోంది.

పొద్దున్నే అన్న వచ్చి, "మాటిచ్చేశానురా. బండి ఇవాళే ఇచ్చెయ్. మన కొట్లో కూర్చుని చీటీలు రాసుకుందువుగాని" అన్నాడు.

అన్న మాటకి ఎదురుచెప్పినవాడు ఆ వంశంలో ఇంకా పుట్టలేదు. తమ్ముడు "సరే అన్నయ్యా" అన్నాడు. ఆసామి వచ్చాక, ఇంజను వినిపిస్తానని ఎక్కి తలుపేసుకున్నాడు. అంతే, కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు.

అన్న బయటినుంచి లాగాడు. హ్యాండిల్ కదిలింది, తలుపు కదల్లేదు. రెండోవైపు తలుపు సంగతి అడక్కండి. ఎప్పుడో ఒక దున్నపోతు గుద్దింది. దున్నపోతు దులుపుకుని వెళ్ళిపోయింది, తలుపు మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

వీధి చివరి మెకానిక్కు వచ్చాడు. పనిముట్ల సంచీ తొట్టిలో పెట్టబోయాడు.

"అక్కడొద్దు బాబూ! చంటాడు తడిపిన పరుపు, క్యాబిన్‌కి ఆనించి ఆరేశాను," అంది తమ్ముడి భార్య.

మెకానిక్కు ముక్కు మూసుకుని సంచీ నేలమీద పెట్టాడు. తలుపుకి చెవి ఆనించి, హ్యాండిల్ ఆడించాడు.

"తాళం కడ్డీ జారింది. అద్దం దించితే చెయ్యి పెట్టి తీస్తా."

లోపలివాడు మీట నొక్కాడు. అద్దం దిగలేదు.

"ఫ్యూజు పోయినట్టుంది. ఫ్యూజులేమో లోపలున్నాయి, నేనేమో బయటున్నాను," అన్నాడు మెకానిక్కు వేదాంతిలా.

ఎండ ముదిరింది. తమ్ముడి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గడ్డం మీది చెమట స్టీరింగు మీద పడుతోంది.

"ఒరేయ్, ఏసీ వేసుకోరా!"

"ఇందులో ఏసీ వేస్తే వేడిగాలే వస్తుందన్నయ్యా!"

ఆసామి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరేం కంగారుపడకండి," అంది తమ్ముడి భార్య ఆయనతో. "బంగారంలాంటి బండి. రేడియేటరుకి పొద్దునో బిందె, సాయంత్రమో బిందె పోస్తే చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు జారుతుంది, కాస్త తిట్టాలి. మా ఆయన తిడతారు. మీకూ అలవాటవుతుంది."

"నువ్వూరుకోమ్మా!" అన్నాడు అన్న.

"దాచిపెట్టి అమ్మితే మన ఇంటి పరువేం కాను బావగారూ?"

కాస్త గాలైనా వస్తుందని కాబోలు, తమ్ముడు ఇంజను స్టార్టు చేశాడు. వెనక గొట్టంలోంచి నీలం పొగ లేచి, గోడ దాటి, పక్కింటివాళ్ళు ఆరేసిన దుప్పటికి కొత్త రంగేసింది.

"ఆయిలు తాగుతోంది," అన్నాడు మెకానిక్కు మర్యాదగా.

"తాగనీ పాపం, కష్టపడే ప్రాణం," అందావిడ.

అన్నకి ఓపిక అయిపోయింది. "అద్దం పగలగొట్టు!"

మెకానిక్కు సుత్తి ఎత్తాడు. తమ్ముడి భార్య అడ్డం పడి ఏడుపు లంకించుకుంది. "అద్దం లేని బండి ఆయనకెలా ఇస్తాం బావగారూ? మీరు మాటిచ్చారే!"

సుత్తి గాల్లోనే ఆగింది. లోపలివాడు సీటు మీద తల వాల్చేశాడు. అది చూసి ఆసామి గుండె పట్టుకున్నాడు.

"నాకొద్దు బాబూ ఈ బండి. రేపు నేను ఇరుక్కుంటే, నా కోళ్ళొచ్చి తలుపు తీస్తాయా? నీ మాట నీకే తిరిగిచ్చేస్తున్నా." అని గబగబా నడిచాడు.

"ఆగవయ్యా, ఇంకోటి చూసిపెడతా!" అని అన్న వెనకే పరిగెత్తాడు. నాలుగడుగులు వేసి ఇటు తిరిగి, "ఈ పీడ నువ్వే ఉంచుకోరా! నా ఎదట మళ్ళీ దీని ఊసెత్తకు!" అని అరిచి వెళ్ళాడు.

"రేకు కోసే మిషను తెస్తానుండండి," అని మెకానిక్కూ కదిలాడు.

ముగ్గురూ మలుపు తిరిగాక తమ్ముడి భార్య కళ్ళు తుడుచుకుని, తొట్టిలోకెక్కి, చుక్క తడిలేని ఆ పరుపుని ఇవతలికి లాగి, దాని వెనకున్న అద్దాన్ని సర్రున పక్కకి జరిపి, "ఇక దూరి వచ్చెయ్యండి, జేబులో ఫ్యూజు జాగ్రత్త" అంది.